నొప్పికి హద్దులు రాయండి: ప్యుడెండల్ నరం బాధను గుర్తించడం, వైద్యం చేయించుకోవడం

తెనాలిలో 27 ఏళ్ళుగా నేను దస్తావేజులు రాస్తున్నాను. పొలం అమ్మేవాళ్ళు వచ్చి ‘కాలువ పక్క మా చేను’ అంటే నేను కలం పట్టను. తూర్పున ఎవరి గట్టు, దక్షిణాన ఏ డొంక, పడమర ఏ బోదె, ఉత్తరాన ఎవరి చేను అని అడిగి, సర్వే నంబరు, విస్తీర్ణం సెంట్లతో సహా తెలిశాకే రాస్తాను. అటువంటి నేను, నా ఒంట్లో పుట్టిన నొప్పి గురించి మూడేళ్ళ పాటు ఏ వైద్యుడి దగ్గరికి వెళ్ళినా ఒకే మాట చెప్పాను. ‘కింద నొప్పిగా ఉందండి.’

ఆ మాట విని ఒకరు మొలలకు మందు రాశారు. ఒకరు ప్రోస్టేటు వాపు అని, మూత్ర పరీక్షలో సూక్ష్మజీవులు కనిపించకపోయినా వరుసగా నాలుగుసార్లు యాంటీబయాటిక్ మందులు ఇచ్చారు. మరొకరు నడుము డిస్కు అన్నారు. ఇంట్లో వేడి చేసిందని సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు తాగించారు. తప్పంతా వాళ్ళదే అని నేను అనను. హద్దులు లేని కాగితం చేతిలో పెడితే ఏ సర్వేయరైనా ఏ పొలానికని వెళతాడు? 2022లో ఒక పెయిన్ క్లినిక్‌లో వైద్యురాలు మనిషి బొమ్మ గీసిన కాగితం నా ముందు పెట్టి, ‘నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పెన్సిలుతో గీయండి’ అన్నారు. మలద్వారానికీ జననాంగాలకూ వెళ్ళే ప్యుడెండల్ నరం నలగడం వల్ల పుట్టిన నొప్పి అది. నా వైద్యం ఆ రోజు మొదలైంది.

ఆమె ఇంకొక సంగతి చెప్పారు. ప్యుడెండల్ అనే పేరు, సిగ్గుపడటం అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఆ సిగ్గే మన చేత ‘కింద’, ‘అక్కడ’, ‘ఆ చోట’ అనిపిస్తుంది. అందుకే ఇక్కడ అవయవాల పేర్లు దాచకుండా రాస్తున్నాను. మీరు కూడా వైద్యుల దగ్గర అలాగే చెప్పండి. నేను వైద్యుణ్ణి కాను. నాకు వైద్యం చేసినవారు నేర్పినవి, నేను పడి తెలుసుకున్నవి మాత్రమే ఇవి. మందు మొదలుపెట్టడం, మార్చడం, మానడం మీ వైద్యుల చేతిలో ఉండాలి.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. మలద్వారం, జననాంగాలు, తొడల లోపలి వైపు హఠాత్తుగా మొద్దుబారినా, మూత్రం రాక ఆగిపోయినా, తెలియకుండా మలమో మూత్రమో పోతున్నా, కాళ్ళలో బలం తగ్గినా ఇది చదవడం ఆపి అదే రోజు, అదే గంటలో పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి. అది వెన్ను అడుగున నరాల కట్ట మొత్తం నలుగుతున్నదనడానికి గుర్తు కావచ్చు, ఆలస్యం చేస్తే శాశ్వత నష్టం. జ్వరం, మలంలో లేదా మూత్రంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, చేతికి తగిలే గడ్డ, నీటి పొక్కులు ఉన్నా ముందు వాటి సంగతి తేల్చుకోవాలి. నీటి పొక్కులు ఆ భాగంలో వచ్చిన సర్పి కావచ్చు.

ఇక ఆ నరం నడిచే దారి. వెన్ను అడుగున ఉన్న త్రికాస్థి నుంచి వచ్చే రెండు, మూడు, నాలుగో నరాల వేళ్ళు కలిసి ప్యుడెండల్ నరం అవుతుంది. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. అది కటి లోపలి నుంచి పిర్ర వైపు బయటికి వచ్చి, ఇస్కియల్ స్పైన్ అనే ఎముక మొన దగ్గర ఎముకలను కలిపి పట్టి ఉంచే రెండు గట్టి లిగమెంట్ల మధ్య నుంచి దూరి మళ్ళీ లోపలికి వెళుతుంది. ఆ తరువాత ఒక కండరం పొరలో ఉన్న సన్నని సొరంగంలో నుంచి ముందుకు సాగుతుంది. ఆ సొరంగాన్ని 1836లో వర్ణించిన ఐర్లండు వైద్యుడు బెంజమిన్ ఆల్కాక్ పేరుతోనే ఆల్కాక్ కాలువ అంటారు. రెండు ఇళ్ళ గోడల మధ్య ఒక మనిషి మాత్రమే పట్టే సందు లాంటిది ఈ దారి. మనం గంటల తరబడి కూర్చుంటే ఆ గోడలు దగ్గరకు జరుగుతాయి. ముక్కి మలవిసర్జన చేస్తే నరం సాగుతుంది. సైకిలు తొక్కేవారిలో, కష్టమైన కాన్పు జరిగిన స్త్రీలలో, కటి భాగంలో శస్త్రచికిత్స జరిగినవారిలో ఈ బాధ ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. నా విషయంలో పొద్దున్నించి సాయంత్రం దాకా చెక్క కుర్చీ, దానికి తోడు ఏళ్ళ తరబడి మలబద్ధకం.

ఈ నరం చివర మూడు పాయలుగా చీలుతుంది. ఒకటి మలద్వారం చుట్టూ, ఒకటి మలద్వారానికీ జననాంగాలకూ మధ్య భాగంతో పాటు వృషణాల సంచి వెనుక లేదా యోని పెదవుల వరకు, ఒకటి పురుషాంగానికి లేదా యోనిశీర్షానికి. మీ నొప్పి ఈ మూడింటిలో ఏదో ఒక చోట ఉండాలి. తోక ఎముక దగ్గర మాత్రమే, పిర్ర కండలో మాత్రమే, గజ్జల్లో లేదా పొత్తికడుపులో మాత్రమే ఉంటే అది వేరే నరమో, వేరే రోగమో అయి ఉంటుంది.

కాబట్టి మొదటి పని హద్దులు రాయడం. నేను నా కాగితం ఇలా రాశాను:

‘చోటు: ఎడమ వైపు. వెనుక హద్దు మలద్వారం, తోక ఎముక వరకు పోదు. ముందు హద్దు వృషణాల సంచి వెనుక భాగం. వారానికి ఒకటి రెండుసార్లు పురుషాంగం కొన వరకు పోతుంది. ఎడమ హద్దు కూర్చునే ఎముక లోపలి అంచు. కుడి హద్దు నడిమి గీత, దాటదు. స్వభావం: మంట, మధ్యలో కరెంటు కొట్టినట్లు పోటు, మలద్వారం లోపల నిమ్మకాయంత వస్తువు ఇరుక్కున్నట్లు. వేళ: లేవగానే 10కి 2, మధ్యాహ్నం 5, సాయంత్రం 7. కూర్చుంటే 15 నిమిషాల్లో పెరుగుతుంది. నిలబడితే, పడుకుంటే తగ్గుతుంది. కమోడు మీద కూర్చుంటే అంతగా ఉండదు. నొప్పికి నిద్ర మేలుకోలేదు.’

చివరి మూడు వాక్యాలు చదివి ఆ వైద్యురాలు కళ్ళద్దాలు తీసి నా వంక చూశారు. కుర్చీలో నొప్పి, కమోడు మీద ఉపశమనం ఎందుకంటే, కమోడు అంచు మీద బరువు పక్కలకు పోయి నడిమి భాగం ఖాళీగా ఉంటుంది. లోపల ఏదో ఇరుక్కున్నట్లు అనిపించడం కూడా ఈ బాధలో మామూలే. స్త్రీలకు అది యోనిలో అనిపించవచ్చు. నేను మూడేళ్ళలో ఈ సంగతులు ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అవి రోగంలో భాగమని నాకు తోచలేదు. మీరు పది రోజుల పాటు రాయండి. ఏ పని తరువాత పెరిగింది, ఎంతసేపు కూర్చున్నారు, మలవిసర్జన ఎలా ఉంది, సంభోగం తరువాత బాధ ఎక్కువైందా అనేవి కూడా. ఈ చివరి విషయం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. నా భార్యే ‘రాయండి, ఆమె డాక్టరు గారు కదా’ అంది.

ఫ్రాన్సులోని నాంత్ నగరంలో ఈ బాధ మీద పనిచేసిన వైద్యులు 2008లో ప్రచురించిన అయిదు గుర్తులను నేటికీ వైద్యులు ప్రమాణంగా చూస్తారు. నొప్పి ఆ నరం పరిధిలోనే ఉండటం, కూర్చుంటే పెరగడం, రాత్రి నొప్పి వల్ల మెలకువ రాకపోవడం, పరీక్షలో స్పర్శ పోయినట్లు తేలకపోవడం, నరం దగ్గర మత్తు ఇంజెక్షను ఇస్తే నొప్పి పోవడం. మొదటి మూడు మీ కాగితంలోనే తేలతాయి. నాలుగోది వైద్యుడు సూది మొనతో, దూదితో తాకి చూస్తే తెలుస్తుంది. చాలామంది తిమ్మిరిగా ఉందని అంటారు గాని, పరీక్ష చేస్తే స్పర్శ ఉంటుంది. నిజంగా స్పర్శ పోయి ఉంటే నరాల వేళ్ళ దగ్గరే ఏదో ఉందేమో వెతకాలి.

అందుకోసమే ఎం.ఆర్.ఐ. చేయిస్తారు. నడుముతో పాటు త్రికాస్థి, కటి భాగం కూడా అందులో ఉండేలా చూసుకోండి. నాకు మొదట తీసింది నడుము వరకే. ఈ బాధ ఉన్నవారిలో స్కాను మామూలుగా ఉండటమే ఎక్కువ. గడ్డలు, నరాల వేళ్ళ మీద నీటి తిత్తుల వంటివి లేవని తేల్చుకోవడానికే అది. రిపోర్టు బాగుందని ఎవరైనా ‘నీకేమీ లేదు’ అంటే కుంగిపోకండి. మూత్రంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే కల్చర్, మలద్వార పరీక్ష, స్త్రీలకు గైనకాలజిస్టు పరీక్ష ముందే పూర్తి చేసుకోండి. నెలసరితో పాటు పెరిగే నొప్పి అయితే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) గురించి తప్పకుండా అడగాలి.

శరీర పరీక్షలో వైద్యులు మలద్వారం లేదా యోని ద్వారా వేలితో ఇస్కియల్ స్పైన్ దగ్గర మెల్లగా నొక్కి, మీకు రోజూ వచ్చే నొప్పి అదేనా అని అడుగుతారు. ముందుగా వివరించి, మీ అనుమతి తీసుకునే చేయాలి. స్త్రీలు పక్కన మరో స్త్రీ ఉండాలని కోరవచ్చు. నాకు ఆ వేలు తగిలిన క్షణంలో మూడేళ్ళ నొప్పి మొత్తం ఒక్క చుక్కలోకి వచ్చి నిలబడింది. ‘ఇదే, ఇక్కడే’ అన్నాను.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని చాలామంది అడుగుతారు. యూరాలజిస్టు, గైనకాలజిస్టు, న్యూరాలజిస్టు అందరికీ ఇందులో కొంత పని ఉంది. అయితే నరం దగ్గర మత్తు ఇంజెక్షను చేసి (దాన్నే బ్లాక్ అంటారు) తేల్చేది ఎక్కువగా పెయిన్ క్లినిక్‌లో అనస్థీషియా వైద్యులు. అపాయింట్‌మెంటు తీసుకునే ముందే ఫోనులో ‘ప్యుడెండల్ నరం బ్లాక్ మీ దగ్గర చేస్తారా, స్కాను చూస్తూ చేస్తారా?’ అని అడగండి. ఆ ప్రశ్న నాకు రెండు వృథా ప్రయాణాలు తప్పించి ఉండేది.

బ్లాక్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితం సగం రోగి చేతిలో ఉంటుంది. బోర్లా పడుకోబెట్టి, అల్ట్రాసౌండు, ఎక్స్‌రే లేదా సీటీ చూస్తూ పిర్ర గుండా సన్నని సూది పంపి, నరం దగ్గర మత్తుమందు వేస్తారు. ఆ రోజు నొప్పి ఉండగానే వెళ్ళాలి. పొద్దున నొప్పి మాత్ర వేసుకుని, పడుకుని, నొప్పి లేకుండా వెళితే ఇంజెక్షను పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? వేసుకునే మందుల విషయం వారిని ముందే అడగండి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పనిసరిగా చెప్పండి. ఇంజెక్షను తరువాత పడుకోకండి, కూర్చోండి. మిమ్మల్ని బాధించే కుర్చీ లాంటి దాని మీదే కూర్చుని, ప్రతి అరగంటకూ 10కి ఎంత అని రాయండి. నేను ఆ ఆసుపత్రి వరండాలో చెక్క బల్ల మీద కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు 7. అరగంటకు ఆ భాగం మొద్దుబారింది, 1 అని రాశాను. గంట, గంటన్నర, రెండు గంటలు, 1, 1, 1. మూడేళ్ళలో రెండు గంటలు కదలకుండా కూర్చున్నది అప్పుడే. నా కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. అయిదో గంటకు నొప్పి 6కు వచ్చింది. మత్తు దిగగానే నొప్పి తిరిగి వస్తే చాలామంది విఫలమైందని ఏడుస్తారు. కాదు, అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చింది.

రెండు జాగ్రత్తలు. ఆ భాగంలో ఇంకేదైనా పుండో వాపో ఉన్నా మత్తుకు నొప్పి పోతుంది, కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు. సూది సరైన చోట పడకపోతే నరం జబ్బు ఉన్నా నొప్పి పోకపోవచ్చు. ఇంజెక్షను తరువాత కొన్ని గంటలు కాలు తిమ్మిరెక్కవచ్చు, తోడు లేకుండా వెళ్ళకండి, బండి నడపకండి. స్టిరాయిడ్ కలపాలా అనేది కూడా అడగండి. 2017లో వెలువడిన ఒక ఫ్రెంచి అధ్యయనంలో, కలిపినా కలపకపోయినా మూడు నెలల తరువాత ఫలితంలో తేడా కనిపించలేదు. మధుమేహం ఉన్నవారికి స్టిరాయిడ్ చక్కెర పెంచుతుంది కూడా.

వైద్యంలో మొదటిది నరం మీద బరువు తీయడం. ఇది లేకుండా మందులు వేసుకుంటే కాలువకు గండి పూడ్చకుండా చేలో నీళ్ళు తోడినట్లే. గుండ్రని రింగు దిండు కొనమని నాకు సలహా ఇచ్చారు, అది నాకు పడలేదు. నడుమ భాగం వేలాడి లోపలి కండరాలు ఇంకా బిగుసుకున్నాయి. పరుపుల అంగడిలో గట్టి స్పాంజి తీసుకుని, జానెడు వెడల్పున రెండు దిమ్మెలు కోయించి, మధ్యలో నాలుగు వేళ్ళ సందు వదిలి గుడ్డకు కుట్టించాను. బరువు కూర్చునే ఎముకల మీద పడాలి, మధ్య భాగం దేనికీ తగలకూడదు. సూత్రం అంతే, కొన్నా కుట్టించినా ఒకటే. రాసే బల్ల కింద ఇటుకలు పెట్టించి ఎత్తు చేశాను, పత్రాలు చాలావరకు నిలబడి రాస్తాను. సైకిలు పూర్తిగా మానాను. బస్సులో వెనుక సీట్లు మానాను.

మలబద్ధకం గురించి ఎంత చెప్పినా తక్కువే. ముక్కకూడదు. రాత్రి ఇసబ్గోలు, తగినన్ని నీళ్ళు, కమోడు ముందు కాళ్ళ కింద చిన్న పీట. లోతుగా గొంతుకూర్చోవడం కొందరికి నరాన్ని లాగుతుంది, నాకు లాగేది. అందుకని ఇంట్లో పాత పద్ధతి మరుగుదొడ్డి మార్పించాం.

తరువాత కండరాలు. కటి గిన్నెకు అడుగున వలలా పరుచుకుని ఉండేవి పెల్విక్ ఫ్లోర్ కండరాలు. నొప్పికి అవి బిగుసుకుంటాయి, బిగుసుకుని నరాన్ని ఇంకా నొక్కుతాయి. అక్కడ నొప్పి అనగానే ఎవరో ఒకరు కీగెల్ వ్యాయామాలు చేయమంటారు. అవి బిగించే వ్యాయామాలు. బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. నాకు పెరిగింది. విజయవాడలో నాకు నేర్పిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి, ‘బాబాయిగారూ, మీరు నేర్చుకోవలసింది వదలడం’ అంది. వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద పెట్టి, ఒక చేయి పొట్ట మీద ఉంచాలి. నాలుగు లెక్కపెట్టే వరకు ముక్కుతో గాలి పీలుస్తూ పొట్ట పైకి లేవనిచ్చి, మలద్వారం చుట్టూ ఉన్న భాగం వదులై కిందికి జారుతున్నట్లు గమనించాలి. ఆరు లెక్కపెట్టే వరకు నెమ్మదిగా వదలాలి. అయిదేసి నిమిషాలు, రోజుకు మూడుసార్లు. మొదటి పది రోజులు నాకేమీ తెలియలేదు. పదకొండో రోజో పన్నెండో రోజో ఆ భాగం వదులు కావడం మొదటిసారి తెలిసింది. దాని తరువాతే పిర్ర, తొడ లోపలి కండరాలను మెల్లగా సాగదీయడం నేర్పింది. సాగదీస్తుంటే కరెంటు కొట్టినట్లు పోటు వస్తే వెంటనే ఆపాలి, ఓర్చుకుని చేయకూడదు.

మందుల్లో, మామూలు నొప్పి మాత్రలు నరం నొప్పికి పెద్దగా పనిచేయవు, నెలల తరబడి మింగితే మూత్రపిండాలకు, కడుపుకు చేటు. నరాల నొప్పికి ఇచ్చేవి వేరు. నాకు అమిట్రిప్టిలిన్ రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా 25కు పెంచారు. నోరెండటం, మత్తు, మలబద్ధకం వచ్చాయి, కనుక ఇసబ్గోలు మోతాదు పెంచుకోవలసి వచ్చింది. గుండె లయ తేడాలు, గ్లకోమా అనే కంటి జబ్బు, మూత్రం సరిగా రాని ఇబ్బంది ఉన్నవారు వైద్యులకు ముందే చెప్పాలి. మరికొందరికి ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డ్యులాక్సెటిన్ ఇస్తారు. ప్రీగాబలిన్‌తో తల తిరగడం, కాళ్ళ వాపు, బరువు పెరగడం ఉండవచ్చు. వీటిలో ఏదీ రెండు రోజుల్లో ఫలితం చూపదు. సరైన మోతాదుకు చేరాక ఆరు నుంచి ఎనిమిది వారాలు చూసి నిర్ణయించాలి. బాగుందని ఒక్కసారిగా మానకూడదు.

ఇవన్నీ నెలల పాటు నిజాయతీగా చేసినా తగ్గకపోతే బ్లాక్ మళ్ళీ చేయడం, సూది ద్వారా నరానికి విద్యుత్ తరంగాలు పంపే పల్స్‌డ్ రేడియోఫ్రీక్వెన్సీ, బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షను, నరాన్ని ఇరుకులో నుంచి విడిపించే శస్త్రచికిత్స ఉన్నాయి. 2005లో నాంత్ బృందం 32 మందితో చేసిన అధ్యయనంలో, ఏడాది తరువాత శస్త్రచికిత్స జరిగినవారిలో 71 శాతం మందికి, జరగనివారిలో 13 శాతం మందికి మెరుగు కనిపించింది. వారంతా జాగ్రత్తగా ఎంపిక చేసినవారు అని మరిచిపోకండి. నిర్ధారణ సరిగా లేకుండా కత్తి కిందికి వెళ్ళవద్దు. నాకు అంతవరకు అవసరం పడలేదు. మూడు నెలల ఎడంతో రెండు బ్లాకులు, మందు, వదిలే సాధన, స్పాంజి దిమ్మెలతో నొప్పి 7 నుంచి 2కు దిగింది.

2023 మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. కన్యాదానానికి పీటల మీద కూర్చోవాలి. నేను పదిహేను రోజుల ముందే పురోహితుడి గారి ఇంటికి వెళ్ళి నా బాధ ఉన్నదున్నట్లు చెప్పాను. ఆయన ఎక్కడెక్కడ కూర్చోక తప్పదో, ఎక్కడ నిలబడవచ్చో వరుసగా చెప్పారు. తప్పని చోట స్పాంజి దిమ్మెలను శాలువాలో చుట్టి పీట మీద వేసుకున్నాను. చెప్పకపోతే ఆ రోజు అమ్మాయి చేయి పట్టుకున్న సంగతి కాక నొప్పి ఒక్కటే గుర్తుండేది.

కూర్చునే అలవాటును తిరిగి తెచ్చుకోవడం చివరి మెట్టు, అందులో తొందరపడినవాళ్ళే వెనక్కి పోతారు. నొప్పి మొదలయ్యే సమయం ఎంతో చూసి, దానికి అయిదు నిమిషాలు తక్కువకు ఫోనులో అలారం పెట్టుకోండి. నొప్పి రాకముందే లేవాలి. వారం అలా గడిస్తే రెండు నిమిషాలు పెంచండి, నొప్పి పెరిగితే పాత సమయానికి రండి. నేను 10 నిమిషాలతో మొదలుపెట్టాను. ఇప్పుడు 45. అలారం మోగగానే, ఎదురుగా ఎవరున్నా సరే, లేచి మిగిలిన హద్దులు నిలబడి రాస్తాను.